లిక్విడేటర్లలో ఆడవాళ్లు

1986 ఏప్రిల్ 26న ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. ఆ తర్వాతి నాలుగేళ్లలో అక్కడ శుభ్రం చేసే పనికి వెళ్లినవాళ్లు ఐదు లక్షలకు పైనే. వాళ్లనే లిక్విడేటర్లు అంటారు. రియాక్టర్ భవనం కప్పు మీద, లోపలి నుంచి ఎగిరిపడ్డ గ్రాఫైట్ ముక్కలను పారలతో ఎత్తిపోసిన సైనికుల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఆ పనివాళ్ల బట్టలు ఉతికినవాళ్లలో, వాళ్లకు వండిపెట్టినవాళ్లలో, నర్సుల్లో, రేడియేషన్ కొలిచే సిబ్బందిలో స్త్రీలు ఎందరో ఉన్నారు. రేడియోధార్మిక ధూళి పట్టిన బట్టలు ఉతకడమంటే ఆ ధూళిని ముట్టుకోవడమే, కొంత పీల్చడం కూడా.

తర్వాత వాళ్ల ఆరోగ్యం ఏమైంది? ఉక్రెయిన్ లిక్విడేటర్లలో రక్త క్యాన్సర్ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో 1,10,645 మంది ఉన్నారు. అందరూ మగవాళ్లే. స్త్రీలు కొద్దిమందే ఉన్నప్పుడు గణాంకాలు నిలబడవన్న మాట నిజమే. కానీ దానివల్ల అసలు ప్రశ్నే పక్కకు పోయింది.

అందుకే స్త్రీల ముప్పు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం హిరోషిమా, నాగసాకిల్లో బాంబు దాడిని తట్టుకుని బతికినవాళ్ల నుంచి వచ్చింది. ఆ సమాచారం ఆధారంగా 2006లో అమెరికా నేషనల్ అకాడమీస్ ఒక అంచనా వేసింది. అన్ని వయసులవాళ్లూ ఉన్న లక్ష మంది మగవాళ్లకు తలా 100 మిల్లీసీవర్ట్‌ల (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే యూనిట్) డోసు తగిలితే, జీవితకాలంలో దాదాపు 800 మందికి అదనంగా కణితి క్యాన్సర్లు వస్తాయి. స్త్రీలలో ఆ సంఖ్య 1,300. ఈ తేడా ప్రధానంగా రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ల వల్లే. రక్త క్యాన్సర్ దగ్గర మాత్రం లెక్క తిరగబడి మగవాళ్లకే కాస్త ఎక్కువ. చెర్నోబిల్ లిక్విడేటర్ల సగటు డోసు సుమారు 120 మిల్లీసీవర్ట్‌లు కాబట్టి ఇది ఊహాలోకపు లెక్క కాదు. అలాగని ఠారెత్తిపోనక్కర్లేదు. ఏ ప్రమాదం జరగకపోయినా లక్ష మంది స్త్రీలలో దాదాపు 37 వేల మందికి ఎప్పుడో ఒకప్పుడు కణితి క్యాన్సర్ వస్తుందని అదే నివేదిక చెబుతోంది.

వయసు ఇంకా పెద్ద విషయం. ఒకే డోసు తగిలినా ఇరవై ఏళ్ల నర్సుకు రొమ్ము క్యాన్సర్ ముప్పు యాభై ఏళ్ల వంటమనిషి కంటే చాలా ఎక్కువ. పైగా రొమ్ము క్యాన్సర్ రక్త క్యాన్సర్‌లా కొద్ది ఏళ్లకే బయటపడదు, పది ఏళ్లో ఇరవై ఏళ్లో పడుతుంది. 1986లో ఇరవై ఏళ్లున్న ఆమెకు ఇప్పటికీ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష) అవసరమే.

పుట్టబోయే పిల్లల గురించిన భయం మాత్రం ఆధారాలను మించిపోయింది. తల్లిదండ్రులకు చెర్నోబిల్ రేడియేషన్ తగిలాక పుట్టిన 130 మంది జన్యువులను 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం పరిశీలించింది. కొత్త ఉత్పరివర్తనాలు (తల్లిదండ్రుల్లో లేని జన్యు మార్పులు) మామూలు కంటే ఎక్కువగా కనిపించలేదు. అయినా చట్టాల చూపంతా గర్భం మీదే. జపాన్‌లో రేడియేషన్ ఉన్నచోట పనిచేసే స్త్రీలకు మూడు నెలలకు 5 మిల్లీసీవర్ట్‌లే పరిమితి. 2011లో అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమా ప్లాంటులో ఇద్దరు ఉద్యోగినులు దాన్ని దాటారు, ఒకరికి 17కు పైగా తగిలింది. కానీ గర్భం వచ్చే అవకాశం లేదని వైద్యులు తేల్చిన స్త్రీకి మగవాళ్ల పరిమితే వర్తిస్తుంది. ఆమె రొమ్ము, ఊపిరితిత్తులు ఆ లెక్కలోకి రావు.

అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2007లో రొమ్ముకిచ్చే ప్రాధాన్య విలువను (ఒంటికి తగిలే రేడియేషన్ హానిలో ఆ అవయవం వాటా ఎంతో చెప్పే అంకె) 0.05 నుంచి 0.12కు పెంచింది. ఆ విలువ కూడా స్త్రీ పురుషుల సగటే.