గ్రాస్ వేరు, షేర్ వేరు: సీడెడ్ (రాయలసీమ) బయ్యర్ల అపోహలు – వాస్తవాలు

పెద్ద హీరో సినిమా దెబ్బతిన్న ప్రతిసారీ కడపలోని మా ఆఫీసుకు ఒకే ప్రశ్న వస్తుంది: “పోస్టర్ మీద అన్ని కోట్లు వేశారు కదా, మరి మా డబ్బు ఏది?” అడిగేవాళ్లు పేరున్న పంపిణీదారులు కారు. మైదుకూరులోనో జమ్మలమడుగులోనో తాడిపత్రిలోనో ఎరువుల దుకాణమో బట్టల కొట్టో నడుపుకుంటూ, హీరో మీద అభిమానంతో నలుగురు కలిసి ఒక సెంటర్, అంటే ఒక ఊళ్లో సినిమా ఆడించే హక్కు, కొన్నవాళ్లు. డీసీఆర్‌లు (థియేటర్ రోజువారీ వసూళ్ల నివేదికలు) సరిచూసి షేర్ లెక్క కట్టడం నా ఉద్యోగం. మొన్నటి రొమాంటిక్ థ్రిల్లర్ తర్వాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది కాబట్టి రాస్తున్నాను.

అపోహ: గ్రాస్ పెరుగుతున్నంత కాలం మన పెట్టుబడి వెనక్కి వస్తూనే ఉంటుంది.

వాస్తవం: ఎక్కువ మందిని ముంచుతున్న నమ్మకం ఇదే. గ్రాస్ అంటే ప్రేక్షకులు టికెట్లకు పెట్టిన మొత్తం. మీ చేతికి వచ్చేది షేర్. రెండింటి మధ్య జీఎస్టీ, థియేటర్ అద్దె, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు, పబ్లిసిటీ ఖర్చులు ఉన్నాయి. 177 రూపాయల టికెట్‌లో 27 రూపాయలు జీఎస్టీయే. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను తగ్గింది కదా అని కొందరు ధీమాగా ఉన్నారు. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది వంద రూపాయలు, అంతకు లోపు టికెట్లకు మాత్రమే. ఆపైన 18 శాతం అలాగే ఉంది. పెద్ద సినిమా మొదటి వారంలో వంద లోపు టికెట్లు ఎన్ని తెగుతాయో మీకు తెలియనిది కాదు.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. మీ ఊరి థియేటర్‌కు రోజు అద్దె 20 వేలు, టికెట్లన్నీ వందకు పైనే అనుకోండి. మొదటి రోజు గ్రాస్ లక్ష రూపాయలు. జీఎస్టీ సుమారు 15,254 పోతే 84,746 మిగులుతుంది. అద్దె కట్టాక 64,746. మిగతా ఖర్చులు పోయినా చేతిలో మంచి మొత్తమే ఉంటుంది. అయిదో రోజు గ్రాస్ 22 వేలకు పడింది. పన్ను పోగా 18,644. అద్దె మాత్రం 20 వేలే. అంటే 1,356 రూపాయలు మీరే జేబులోంచి కట్టాలి. దీన్నే డెఫిసిట్ అంటాం. అదే రోజు సాయంత్రం పోస్టర్ మీద ఆ 22 వేలు కూడా గ్రాస్‌లో కలిసిపోతుంది. పోస్టర్ అంకె పెరిగింది, మీ అప్పూ పెరిగింది. పైగా ఆ అంకెలో అమెరికా, కర్ణాటక, నైజాం (తెలంగాణ) అన్నీ ఉంటాయి. మీ సెంటర్ సంగతి అందులో కనిపించదు.

2025 మే నెలలో, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు) అన్నది ఈ అద్దె పద్ధతి మీదే. అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలన్నారు. తర్వాత ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారు గానీ గొడవ తెగలేదు. సినిమా బాగా ఆడుతుంటే అద్దె పద్ధతి బయ్యర్‌కు లాభం, పడిపోతే పర్సంటేజీ లాభం. ఏ రోజు నుంచి ఏది వర్తిస్తుందో అగ్రిమెంట్‌లో చూడకుండా సంతకం చేసేవాళ్లను చూస్తే నాకు కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఈ మధ్యే ఒక కుర్రవాడు వచ్చాడు. స్నేహితుల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఒక సెంటర్ కొన్నాడు. నాలుగో రోజు పోస్టర్ చూసి, పక్క ఊరు కూడా రెండో వారం నుంచి తనకే ఇప్పించమని అడిగాడు. ఇంకో అప్పు మాట్లాడుకుని మరీ వచ్చాడు. “అన్నా, అంత పెద్ద నిర్మాత అబద్ధం వేస్తాడా?” అన్నాడు. అబద్ధమని నేను అనలేదు. వాళ్ల ఊరి డీసీఆర్‌లు వరుసగా ముందు పెట్టి, ఒక్కో రోజు షేర్ తననే రాయమన్నాను. ఆదివారం దాటాక పెన్ను ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మొదటి అప్పు తీర్చడానికి ఎంత కాలం పడుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. రెండో అప్పు తీసుకోలేదు, నాకు అది చాలు.

అపోహ: సీమ జనానికి కొట్లాటలే కావాలి, ప్రేమకథ కాబట్టి పోయింది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2003 సంక్రాంతికి వచ్చిన ‘ఒక్కడు’ కథలో ప్రేమ ఎంత ఉందో తరుముడు అంత ఉంది. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరి సన్నివేశాన్ని ఇక్కడి వాళ్లు నేటికీ తలుచుకుంటారు. మొన్నటి సినిమా పోయింది ప్రేమ వల్ల కాదు, ప్రేమ లేకపోవడం వల్ల. ఇద్దరూ ఎందుకు ఇష్టపడ్డారో ఇంటర్వెల్ దాకా తెలియదు. తర్వాత హంతకుడెవరన్న ఒక్క ముడి మీదే సినిమా నడుస్తుంది. ఆ ముడి మొదటి ఆటకే ఊరంతా తెలిసిపోయింది. గుట్టు తెలిసిన థ్రిల్లర్‌కు రెండోసారి ఎవరూ రారు. పాటలు గానీ హాస్యం గానీ బాగుంటే అభిమాని మళ్లీ వస్తాడు, ఇంట్లోవాళ్లను తీసుకొస్తాడు. ఇందులో ఆ రెండూ లేవు. తొలి రోజు జనాన్ని హీరో తెస్తాడు. సోమవారం జనాన్ని సినిమాయే తెచ్చుకోవాలి.

విడుదల సమయం కూడా చూడాలి. ఇంటర్ పరీక్షలప్పుడు కుర్రకారు రారు. అనంతపురం వైపు వేరుశనగ పంట చేతికొచ్చే రోజులకూ, విత్తనం కొనే రోజులకూ టికెట్ల అమ్మకంలో తేడా ఉంటుంది.

అపోహ: నష్టం వస్తే హీరో తిరిగి ఇచ్చేస్తాడు.

వాస్తవం: 2002లో ‘బాబా’ పోయినప్పుడు రజనీకాంత్ పంపిణీదారులకు డబ్బు తిరిగిచ్చిన మాట నిజం. అది ఆయన మంచితనం, మీ హక్కు కాదు. ఎంజీ (మినిమం గ్యారంటీ) మీద, అంటే ఇంత ఇస్తామని ముందే ఒప్పుకుని కొంటే నష్టం మీదే. ఎన్ఆర్ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) అయితే ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు. మామూలు అడ్వాన్సు మీద తీసుకుంటేనే మిగిలిన బాకీ అడగగలరు. అదీ కాగితం ఉంటేనే.

అపోహ: ఓటీటీలో మంచి రేటు పలికింది, అందరూ బయటపడ్డారు.

వాస్తవం: ఆ డబ్బు నిర్మాతది. అందులో మీకు పైసా రాదు.

అపోహ: టికెట్ రేటు పెంచితే షేర్ పెరుగుతుంది.

వాస్తవం: 2022 మార్చి జీవోతో భారీ బడ్జెట్ సినిమాలకు మొదటి పది రోజులు రేటు పెంచుకునే వీలు వచ్చింది. టాక్ బాగుంటే అది వరమే. బాగాలేకపోతే, అనుమానంతో ఉన్న కుటుంబాన్ని ఆ రేటే ఇంట్లో కూర్చోబెడుతుంది.

రివ్యూలు చంపేశాయన్న మాటకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మొదటి ఆట చూసి బయటికొచ్చినవాడు ఇంటికి చేసే ఫోనే అసలు రివ్యూ.

ఇప్పటికే డబ్బు కట్టేసి నిద్ర పట్టక ఉన్నవాళ్లు మూడు పనులు చేయండి. అగ్రిమెంట్‌లో ఎంజీ అని ఉందా, ఎన్ఆర్ఏ అనా, అడ్వాన్స్ అనా చూసుకోండి. థియేటర్ మేనేజర్ సంతకంతో రోజువారీ డీసీఆర్ నకలు అడగండి, అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. వరుసగా రెండు రోజులు డెఫిసిట్ వస్తే మూడో రోజు ఉదయమే థియేటర్‌తో మాట్లాడి ఆటలు తగ్గించమనండి, లేదా పర్సంటేజీకి మార్చమనండి. ఖాళీ కుర్చీలకు ఆట వేయడం వాళ్లకూ ఇబ్బందే కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.