క్లాసికల్ ట్రైనింగ్ అంటే గంభీరమైన గొంతేనా? ఇంగ్లిష్ నటుల గురించి అపోహలు - వాస్తవాలు

నటన నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అడిగేది ఒకటే: "సార్, ఆ బ్రిటిష్ యాక్టర్ల వాయిస్ ఉంటుంది కదా, అది కావాలి." రంగస్థలం మీద వేషాలు వేస్తూ, వాచికం (మాట పలికే విద్య) నేర్పుతూ బతుకుతున్నవాణ్ని కాబట్టి చెప్పక తప్పదు. అది గొంతు ఒక్కటే కాదు, ముందుగా గొంతు అసలే కాదు. ఎక్స్-మెన్ సినిమాల్లో చక్రాల కుర్చీలో కూర్చునే బట్టతల ప్రొఫెసర్ గుర్తున్నాడా? పాట్రిక్ స్టీవర్ట్. ఆయన జీవితం పక్కన పెట్టుకుని చూస్తే ఈ భ్రమలు చాలావరకు వదిలిపోతాయి.

అపోహ: వాళ్లంతా పెద్దింటి బిడ్డలు. షేక్‌స్పియర్ ఉగ్గుపాలతోనే వచ్చేస్తుంది.

స్టీవర్ట్ 1940 జూలై 13న యార్క్‌షైర్‌లోని మర్‌ఫీల్డ్ అనే మిల్లుల ఊళ్లో పుట్టారు. తల్లి నేతమిల్లులో కూలి. తండ్రి సైన్యంలో సార్జెంట్ మేజర్‌గా చేసి వచ్చినవాడు. ఇల్లు అంటే కింద ఒక గది, పైన ఒక గది, మరుగుదొడ్డి బయట. తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టేవాడని స్టీవర్ట్ దాచుకోకుండా చెప్పారు. గృహహింస బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే రెఫ్యూజ్ అనే సంస్థకు ఏళ్ల తరబడి అండగా నిలబడింది అందుకే.

చదువు 15 ఏళ్లకే ఆగిపోయింది. అప్పటికే బళ్లో ఒక ఇంగ్లిష్ మాస్టారు షేక్‌స్పియర్ నాటకం చేతికిచ్చి, లోపల కాదు, పైకి చదవమన్నారు. తరవాత ఊరి పత్రికలో కుర్ర విలేకరి ఉద్యోగం దొరికింది. సాయంత్రం నాటకం రిహార్సల్ ఉంటే వెళ్లాల్సిన మీటింగ్ ఎగ్గొట్టి, ఏం జరిగిందో ఎవరినో అడిగి రాసి ఇచ్చేవారు. దొరికిపోయారు. నాటకాలో, ఉద్యోగమో తేల్చుకోమంటే ఉద్యోగం వదిలేశారు. 1957లో బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో సీటు వచ్చింది. ఆ చదువుకు డబ్బు ఇంట్లోంచి రాలేదు, కౌన్సిల్ గ్రాంటుగా ఇచ్చింది. అదే ప్రాంతం నుంచి వచ్చిన గనికార్మికుడి కొడుకు బ్రయాన్ బ్లెస్డ్ కూడా ఆ స్కూల్లోనే చదివారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ అపోహ ఈమధ్య మెల్లగా నిజమవుతోంది. అప్పటి గ్రాంట్లు పోయాయి, ఫీజులు, లండన్ అద్దెలు పెరిగాయి. టామ్ హిడిల్‌స్టన్, ఎడీ రెడ్‌మేన్, డేమియన్ లూయిస్ ముగ్గురూ ఈటన్ అనే ఖరీదైన ప్రైవేటు బళ్లో చదివినవాళ్లే. వాళ్ల ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ రోజు మర్‌ఫీల్డ్‌లో పుట్టిన కుర్రాడికి ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోదు.

అపోహ: ఆ యాక్సెంట్ పుట్టుకతో వచ్చింది.

కాదు, నేర్చుకున్నది. స్టీవర్ట్ ఇంట్లో మాట్లాడింది చిక్కటి యార్క్‌షైర్ యాస. లండన్‌వాళ్లకు సగం అర్థం కాదు. మనం టీవీలో వినే ఆ నున్నటి ఇంగ్లిష్‌ను ఆయన డ్రామా స్కూల్లో పని చేసి సంపాదించుకున్నారు. శ్రీకాకుళం, పాలమూరు పిల్లలు యాస గురించి టెన్షన్ పడుతూ వస్తే నేను చెప్పేది ఇదే: ఉన్న యాసను పోగొట్టుకోకండి, దాని పక్కన ఇంకొకటి పెట్టుకోండి.

అపోహ: లండన్‌లోని పేరున్న నటన స్కూలు రాడా లాంటి చోట డిగ్రీ ఉంటేనే క్లాసికల్ నటుడు, అంటే షేక్‌స్పియర్ లాంటి పాత నాటకాలు ఆడగలవాడు.

మరో పెద్ద బ్రిటిష్ నటుడు ఇయన్ మెక్‌కెలన్ ఏ డ్రామా స్కూలుకూ వెళ్లలేదు. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదువుతూ విద్యార్థి నాటకాల్లో తెగ వేషాలు వేసి, 1961లో కావెంట్రీలోని బెల్‌గ్రేడ్ థియేటర్లో నేరుగా వృత్తిలోకి దిగారు. ఇంకో నటుడు ఆలన్ రిక్‌మన్ ముందు గ్రాఫిక్ డిజైనర్. ఇరవై ఆరేళ్ల వయసులో ఆ పని వదిలి రాడాలో చేరారు. దారులు వేరు. అందరూ దాటిన గుమ్మం మాత్రం ఒకటే, రెపర్టరీ థియేటర్.

అదెలా నడిచేదంటే, ఊరికో నాటక సంస్థ ఉంటుంది. రాత్రి ఒక నాటకం ఆడుతూ పగలు రాబోయే నాటకం రిహార్సల్ చేస్తారు. రెండు మూడు వారాలకు నాటకం మారిపోతుంది. ఈసారి ముసలి జడ్జి, పై సారి పనివాడు, ఆ పైన హంతకుడు. ఎవరి వేషం వాళ్లకు రాసిపెట్టి ఉండదు. స్టీవర్ట్ 1959లో లింకన్‌లో మొదలుపెట్టి, షెఫీల్డ్, మాంచెస్టర్, బ్రిస్టల్ తిరిగారు. మధ్యలో ప్రసిద్ధ నటి వివియన్ లీ బృందంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా పర్యటన. 1966లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలోకి వచ్చారు. అక్కడ కూడా అంతే, ఒకే బృందం రోజు మార్చి రోజు వేర్వేరు నాటకాలు ఆడేది. 1970లో దర్శకుడు పీటర్ బ్రూక్ చేసిన ప్రసిద్ధ ప్రదర్శన, షేక్‌స్పియర్ "ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్"లో స్టీవర్ట్‌ది స్నౌట్ పాత్ర. ఆ పాత్ర నాటకంలోని నాటకంలో వేసేది గోడ వేషం! ముప్పయ్యేళ్ల నటుడు గోడగా నిలబడటానికి నామోషీ పడలేదు.

మన సురభివాళ్లకు ఈ పద్ధతి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల పిల్లలు కృష్ణుడి బాల్యం నుంచి మొదలుపెట్టి తెర లాగేదాకా అన్నీ అక్కడే నేర్చుకుంటారు. పరిషత్తు నాటకాల్లో పెరిగిన మాలాంటివాళ్లకు అది కుదరలేదు. ఒకే నాటకం పోటీ తరవాత పోటీగా ఆడతాం. బహుమతులు వస్తాయి, వాచికం మాత్రం అక్కడే ఆగిపోతుంది.

అపోహ: షేక్‌స్పియర్ డైలాగ్ అంటే గొంతు పెంచి, రాగం తీసి కొట్టడమే.

నాకు ఎక్కువ తంటా తెచ్చేది ఇదే. పద్యనాటకం చూసి పెరిగిన మనకు పద్యం అంటే రాగం, హార్మోనియం, చివర్లో ఆలాపన, వన్స్ మోర్. షేక్‌స్పియర్ పాదం పాడేది కాదు. పాదానికి సుమారుగా పది అక్షరాలు, అందులో ఐదు ఊనికలు. తేలిక, బరువు, తేలిక, బరువు అంటూ నడుస్తుంది. మన గురులఘువుల లెక్కలా కాలం కొలిచేది కాదు, ఏ అక్షరం మీద బరువు పడిందో చూసేది. నటుడు ఆ బరువు ఎక్కడ పడిందో కనిపెట్టి, దాన్ని మామూలు మాటలా వినిపించాలి. లయ లోపల ఉండాలి, పైకి కనబడకూడదు.

రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో వాచికం నేర్పిన సిసిలీ బెర్రీ పద్ధతి ఒకటి చెబుతాను, ఇంట్లో చేసి చూడొచ్చు. డైలాగ్ పట్టుకుని గదిలో నడవండి. కామా రాగానే టక్కున దిక్కు మార్చండి. ఫుల్‌స్టాప్ దగ్గర ఆగి మళ్లీ కొత్త దిక్కు. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఆ పాత్ర మనసు స్థిమితంగా ఉందా, గిలగిల కొట్టుకుంటోందా అని. కామాలు ఎక్కువైతే కాళ్లు తిరిగిపోతాయి, అదే ఆ పాత్ర స్థితి. గొంతు సంగతి ఎత్తకుండానే సగం పని అయిపోయింది చూశారా? నేను దీన్ని మన పద్యాలతో కూడా చేయిస్తాను. రాగం తీయడానికి అలవాటు పడినవాళ్లకు మొదట ఒళ్లు మండుతుంది.

స్టీవర్ట్ 2007లో ఇంగ్లండులోని చిచెస్టర్‌లో షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో అదే పేరున్న ముఖ్యపాత్ర వేశారు. దర్శకుడు రూపర్ట్ గూల్డ్. నాటకాన్ని సోవియట్ కాలపు నేలమాళిగ లాంటి సెట్‌లో పెట్టారు. మిత్రుణ్ని చంపడానికి హంతకులను పురమాయించే సీన్లో ఈ మాక్‌బెత్ ఏం చేస్తాడో తెలుసా? శాండ్‌విచ్ తయారు చేసుకుంటాడు. చేతులు రొట్టె పనిలో, నోరు హత్య పనిలో. కేకల్లేవు. అక్కడ చప్పట్లు రావు, వెన్నులో చలి వస్తుంది.

అదే నాటకంలో భార్య చనిపోయిందని విన్నాక "రేపు, ఇంకా రేపు, ఇంకా రేపు" అని మొదలయ్యే ప్రఖ్యాతమైన మాటలున్నాయి. నటులందరూ "రేపు" మీద పడతారు. ఆ పాత్ర అంతకుముందే వేసిన మెక్‌కెలన్ స్టీవర్ట్‌కు ఇచ్చిన సలహా ఒక్కటే: అసలు మాట "ఇంకా". ఒకసారి బిగ్గరగా అని చూడండి. "రేపు" మీద ఒత్తితే అది కవిత్వం. "ఇంకా" మీద ఒత్తితే ఆ మనిషికి బతుకు మోయలేనంత పొడుగైపోయిందని తెలుస్తుంది.

అపోహ: డైలాగ్ లేకపోతే ఈ నటులకు పని లేదు.

1979 నాటి బీబీసీ సీరియల్ ఒకదానిలో స్టీవర్ట్ సోవియట్ గూఢచారి కార్లాగా వేశారు. ఎదురుగా ఆలెక్ గిన్నెస్. సీనంతా గిన్నెస్ మాట్లాడతారు, స్టీవర్ట్ ఒక్క ముక్క అనరు. చూసి తీరాలి. మన పరిషత్తు స్టేజీ మీద డైలాగ్ అయిపోయినవాడు వేలాడే మైకు కిందినుంచి తప్పుకుని, మళ్లీ తన వంతు కోసం చూస్తూ నిలబడతాడు. ఎదుటివాడి మాట వినడం కూడా వాచికంలో భాగమని మనవాళ్లు ఒప్పుకోరు.

అపోహ: టీవీకి, సైన్స్ ఫిక్షన్‌కు వెళ్లడం దిగజారడం.

1987లో స్టార్ ట్రెక్ కొత్త సీరియల్‌లో అంతరిక్ష నౌక కెప్టెన్ వేషం వచ్చింది. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. అమెరికాలో పేరు తెలిసినవాడు లేడు. నాలుగు రోజుల్లో ఆగిపోతుందనుకుని మొదట్లో సూట్‌కేసు కూడా పూర్తిగా సర్దుకోలేదట. ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు నడిచింది. షేక్‌స్పియర్ వదిలి ఇదేంటని అడిగినవాళ్లకు, ఇంగ్లండు సింహాసనాల మీద అన్నేళ్లు కూర్చున్నది ఈ కెప్టెన్ కుర్చీలో కూర్చోవడానికి తయారవడానికేనని జవాబిచ్చారు. చమత్కారమే అయినా నిజముంది. ఒక్క కనుబొమ్మ కదపకుండా పదిమందికి ఆజ్ఞ ఇవ్వడం రాజు వేషాలు వేసినవాడికే వస్తుంది.

అలాగని క్లాసికల్ క్రమశిక్షణ అంతా బంగారం కాదు. మొదటి రోజుల్లో సెట్లో తోటి నటులు నవ్వుతూ తుళ్లుతూ ఉంటే స్టీవర్ట్ సమావేశం పెట్టి, మనం ఇక్కడికి వచ్చింది సరదా చేయడానికి కాదని మందలించారు. ఆ మాట పట్టుకుని వాళ్లు ఏళ్లపాటు ఏడిపించారు. కెమెరా ముందు వదులుగా ఉండటం వాళ్ల దగ్గరే నేర్చుకున్నానని తరవాత ఆయనే చెప్పుకున్నారు.

రంగస్థలాన్ని వదిలారా? లేదు. షూటింగులున్న ఆ ఏళ్లలోనే డికెన్స్ క్రిస్మస్ కథను అన్ని పాత్రలూ తానే అయి ఒంటరిగా ఆడి, బ్రాడ్‌వేకు, లండన్‌కు తీసుకెళ్లారు. 2009లో మెక్‌కెలన్‌తో కలిసి లండన్‌లో బెకెట్ రాసిన "వెయిటింగ్ ఫర్ గోడో" నాటకం వేశారు.

అపోహ: ఒకసారి నేర్చుకుంటే చాలు, ఇక సాధన అక్కర్లేదు.

2020 లాక్‌డౌన్‌లో ఎనభయ్యో పడిలోకి అడుగుపెడుతూ, స్టీవర్ట్ రోజుకో షేక్‌స్పియర్ సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) చదివి సోషల్ మీడియాలో పెట్టారు. మేకప్ లేదు, లైట్లు లేవు, చేతిలో పుస్తకం. యువ నటులకు నేను పంపించే మొదటి వీడియోలు అవే. అన్నేళ్ల అనుభవం ఉన్నా, కొన్నింటిని తనకు నచ్చలేదని, సరిగ్గా అర్థం కాలేదని పక్కన పెట్టేశారు.