స్మార్ట్ సిటీ ప్రాజెక్టు చేసే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఈసారి సైన్స్ ఫెయిర్‌కి స్మార్ట్ సిటీ అంశం తీసుకున్నామని, ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని మీలో కొందరు అడిగారు. నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్క్యూట్ల సంగతి మీకే బాగా తెలుసు, నాకు తెలిసింది కాలువలూ చెత్త బళ్ళూ. అటువైపు నుంచే చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీల పథకం మొదలుపెట్టి, విడతలవారీగా 100 నగరాలను ఎంపిక చేసింది. మన వైపు నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ అందులో ఉన్నాయి. అప్పట్నుంచి కెమెరాలు, కంట్రోల్ రూములు, సెన్సర్లు అంటే అందరికీ మోజు. మీ నమూనాలు కూడా ఎక్కువగా ఆ దారిలోనే ఉంటున్నాయి. తప్పేం లేదు. కానీ ఏ సెన్సర్ కొనాలో తేల్చుకునే ముందు, ఆ పని రోజూ చేసే మనిషి దగ్గరికి వెళ్ళి రండి. ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానో వినండి.

2015 నవంబర్‌లో కేరళలోని కోళికోడ్‌లో ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లోకి దిగి స్పృహ తప్పారు. మన ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్ళినవాళ్ళు వాళ్ళు. అక్కడే ఉన్న ఒక ఆటో డ్రైవర్ కాపాడదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పుడుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి అడుగున నిలిచిపోతుంది. కొంచెమే ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. బాగా పెరిగితే ముక్కుకి ఆ కంపు తెలియడమే మానేస్తుంది. వాసన పోయింది కదా, పర్వాలేదనుకుని దిగుతారు. ఒకరి కోసం ఇంకొకరు దిగి పోయేది ఇందుకే. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా దింపుతున్నారు. ఆ మాట రాయాలంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కేరళలోనే కుట్టిప్పురంలో ఇంజనీరింగ్ చదివిన కొందరు స్నేహితులున్నారు. కాలేజీలో ఉండగా ఒంటికి తొడుక్కునే రోబో ఒకటి చేశారు. చదువయ్యాక ఉద్యోగాల్లో చేరారు. కోళికోడ్ ఘటన తర్వాత మళ్ళీ ఒకచోట చేరి, మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ అనే రోబో తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి వచ్చింది. దాని స్టాండు మ్యాన్‌హోల్ మీద నిలబడి ఉంటుంది. కాళ్ళున్న యంత్రం లోపలికి దిగి, గోడలకి కాళ్ళు తన్నిపెట్టి నిలదొక్కుకుని, పూడిక ఎత్తి బకెట్లో వేస్తుంది. లోపలేముందో కెమెరా చూపిస్తుంది, గ్యాస్ సంగతి సెన్సర్ చెబుతుంది. పైన తెర ముందు నిలబడి దాన్ని నడపడానికి పారిశుద్ధ్య కార్మికులకే శిక్షణ ఇచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. యంత్రం వచ్చినా వాళ్ళ నోటి దగ్గర కూడు పోలేదు.

అలాగని ప్రతిదానికీ రోబోనే కావాలని లేదు. గట్టి ఒత్తిడితో నీళ్ళు కొట్టి మురుగు పైపుల పూడిక తీసే యంత్రాన్ని జెట్టింగ్ మిషన్ అంటారు. హైదరాబాద్‌లో పాత గల్లీల్లోకి పెద్ద జెట్టింగ్ మిషన్ పట్టదు. అందుకని 2017లో చిన్న బండి మీద బిగించిన జెట్టింగ్ మిషన్లు తెచ్చారు. అక్కడ చూడాల్సింది గల్లీ వెడల్పు.

ఇక నిండిందో లేదో తనే చెప్పే మీ స్మార్ట్ డస్ట్‌బిన్ సంగతి. మూత కింద అల్ట్రాసానిక్ సెన్సర్, పక్కన ఆ లెక్కలు చేసే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు. సెన్సర్ మన చెవికి వినబడని శబ్దం వదులుతుంది, అది చెత్తకి తగిలి వెనక్కొస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరు లోతున్న కుండీ ఖాళీగా ఉంటే రానూపోనూ దాదాపు 6 మిల్లీసెకన్లు. అందులో సగం సమయానికే వచ్చిందంటే సగం నిండినట్టు. ప్రదర్శనలో కాగితం ఉండలు వేసి చూపిస్తే చక్కగా పనిచేస్తుంది. అసలు చెత్తబుట్టలో వేరు. ఉబ్బిన క్యారీ బ్యాగు ఒకటి మూతి దగ్గర ఇరుక్కుంటే చాలు, నిండిపోయిందంటుంది. మెత్తటి గుడ్డపేలికల మీద పడిన శబ్దం సరిగ్గా వెనక్కి రాదు. తడి చెత్త ఆవిరి సెన్సర్‌కి పడుతుంది. కాబట్టి ముందు మీ ఇంటి వంటగది బుట్టకి బిగించి, ఒక వారం రీడింగులు రాయండి. ఎక్కడెక్కడ తప్పు చెప్పిందో కూడా చార్టు మీద పెట్టండి. జడ్జిలు తగ్గిస్తారేమో అని భయపడకండి, ఇంజనీరింగ్ అంటే అదే.

ఆ తర్వాత మీ వీధికొచ్చే చెత్త ఆటో డ్రైవర్‌తో మాట్లాడండి. ఎలాగూ రోజూ ఇంటింటికీ వచ్చే మనిషికి బుట్ట నిండిందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. తడి చెత్తలో కలిపి పారేసిన గాజుపెంకులు, వాడిన సూదులు చేత్తో ఏరాల్సి రావడమే ఆయన టెన్షన్. చీకట్లో కూడా గుర్తుపట్టేలా, చెయ్యి కోసుకోకుండా గాజు విడిగా ఇచ్చే డబ్బా ఒకటి మీరు తయారుచేస్తే అందులో బ్యాటరీ కూడా అక్కర్లేదు. దానికే మొదటి బహుమతి ఇవ్వాలంటాను నేను.

యాప్ చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో బోస్టన్ నగరంవాళ్ళు స్ట్రీట్ బంప్ అని ఒక యాప్ తెచ్చారు. కారులో ఫోన్ పెట్టుకుని వెళ్తుంటే కుదుపుల్ని బట్టి గుంతలెక్కడున్నాయో అదే నమోదు చేసేది. ఆలోచన మంచిదే. కానీ పేదల దగ్గర, ముసలివాళ్ళ దగ్గర స్మార్ట్‌ఫోన్లు తక్కువ. వాళ్ళుండే వీధుల్లో గుంతలున్నా లెక్కలోకి రాని ప్రమాదం ఉంది. మీ యాప్‌లో బస్తీవాళ్ళ ఫిర్యాదు ఎలా చేరుతుంది? ఫోన్ లేని అవ్వ ఎవరికి చెప్పుకోవాలి? ఈ రెండిటికీ జవాబు రాశాకే స్క్రీన్లు గీయండి.

కార్మికులతో మాట్లాడాలంటే తెల్లవారుజామున మస్టర్, అంటే హాజరు, వేసే చోటికి వెళ్ళండి, పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని. హాజరు వేసుకుంటుండగా అడ్డుపడకండి, అయ్యాక అడగండి. అనుమతి లేకుండా ఫొటోలు, వీడియోలు తీయకండి. మురుగు లైన్ల మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు మ్యాన్‌హోల్ మూత ఎత్తడం కానీ, లోపలికి తొంగిచూడటం కానీ చేయొద్దు, ఎంత సరదా అయినా సరే. కొలతలు కావాలంటే మున్సిపల్ ఆఫీసులో ఇంజనీర్‌ని అడగండి. వాళ్ళు చెప్పింది, మీరు గీసిన బొమ్మలు నాకు పంపండి. చూసి, ఎక్కడ మార్చాలో రాసి పంపుతాను.

మీ తాతయ్య