తలుపును మోసేది మోటర్ కాదు: గరాజ్ డోర్ ఓపెనర్ మీద అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఇల్లు కొన్నాక తోరణం కట్టేది ముందు గుమ్మానికే అయినా, రోజూ రాకపోకలన్నీ గరాజ్‌లోంచే. ఆ తలుపు ఒక పొద్దున మొరాయించిందంటే కారు లోపలే ఉండిపోతుంది, ఆఫీసు, బడి అన్నీ ఆగిపోతాయి. అప్పుడు అందరూ తలెత్తి సీలింగ్‌కు వేలాడే మోటర్ పెట్టె, అంటే ఓపెనర్ వైపే చూస్తారు. చాలాసార్లు దోషం అక్కడ ఉండదు.

అపోహ: తలుపును పైకి ఎత్తేది మోటరే, పెద్ద మోటర్ పెట్టిస్తే ఇబ్బంది తీరిపోతుంది.

వాస్తవం: రెండు కార్ల గరాజ్‌కు వేసే 16 అడుగుల వెడల్పు స్టీల్ తలుపు సుమారు 150 పౌండ్ల పైనే ఉంటుంది. ఇన్సులేషన్ ఎక్కువైతే 200 దాటుతుంది. ఆ బరువును మోసేవి తలుపు పైన, గోడకు అడ్డంగా ఉండే ఇనుప గొట్టం మీద బిగించిన టార్షన్ స్ప్రింగులు. మోటర్ పని తలుపును ముందుకూ వెనక్కూ జరపడం వరకే. స్ప్రింగులు సరిగ్గా ఉన్న తలుపును మీరు ఒంటిచేత్తో ఎత్తగలగాలి.

అందుకే ఏ ఫిర్యాదుకైనా మొదటి పరీక్ష ఇదే. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, మోటర్ నుంచి తలుపు దాకా ఉన్న పట్టా మీద జరిగే ట్రాలీకి వేలాడే ఎర్ర తాడు లాగండి. మోటర్‌కూ తలుపుకూ లంకె తెగుతుంది. ఇప్పుడు తలుపును చేత్తో నడుము ఎత్తుకు లేపి, నెమ్మదిగా పట్టు సడలించండి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టు. కిందికి జారిపోతే అవి సడలినట్టు, తనంతట తానే పైకి లేస్తే అతిగా బిగించినట్టు. చేత్తో కదిపేటప్పుడు ఎక్కడైనా పట్టేస్తే ఆ చోట రోలర్‌నో, హింజ్‌నో, ట్రాక్ వంకరనో చూడాలి. ఈ పరీక్షలో తప్పిన తలుపుకు ఎంత ఖరీదైన ఓపెనర్ పెట్టినా అది తొందరగా అరిగిపోతుంది.

స్ప్రింగ్ తెగితే కనిపెట్టడం కష్టం కాదు. గరాజ్‌లో పెద్ద టపాకాయ పేలినట్టు చప్పుడు వస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఇది ఎక్కువ. వెళ్లి చూస్తే చుట్టుచుట్టుగా ఉన్న స్ప్రింగ్ మధ్యలో రెండంగుళాల ఖాళీ కనిపిస్తుంది. మామూలు స్ప్రింగ్‌ను 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కగట్టి చేస్తారు. రోజుకు నాలుగుసార్లయితే దాదాపు ఏడేళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పిల్లల క్లాసులకూ తిరిగే ఇంట్లో రోజుకు ఎనిమిదిసార్లు పడుతుంది, అంటే మూడున్నరేళ్లే. రెండు స్ప్రింగులున్న తలుపుకు ఒకటి తెగితే రెండూ మార్పించండి. రెండోదానిదీ అదే వయసు.

తెగిన స్ప్రింగ్‌తో బటన్ మీద బటన్ నొక్కకండి. తలుపు నాలుగంగుళాలు లేచి ఆగిపోతుంది, ఆ మూలుగులో మోటర్ లోపలి ప్లాస్టిక్ గేర్ పళ్లు పోతాయి. తలుపు పైన ఉండగా స్ప్రింగ్ తెగితే ఎర్ర తాడును ముట్టుకోనే వద్దు. మొత్తం బరువుతో ధబీమని కిందికి పడుతుంది.

అపోహ: వీడియో చూసి స్ప్రింగ్ మనమే మార్చుకోవచ్చు.

వాస్తవం: ఇందులో మాకు రెండో ఆలోచన లేదు, వద్దు. ఏడడుగుల ఎత్తు తలుపుకు ఆ స్ప్రింగ్‌ను ఏడు చుట్లకు పైగా మెలిపెట్టి బిగిస్తారు. దానికి సరైన కొలత ఇనుప కడ్డీలు ఉంటాయి. వాటి బదులు స్క్రూడ్రైవర్ దూర్చినప్పుడే అది జారి ముఖానికో చేతికో తగులుతుంది. తలుపు అడుగు మూలల్లో, స్ప్రింగుల బిగువును తలుపుకు అందించే కేబుల్ తగిలించిన బ్రాకెట్లు కూడా అదే బిగువులో ఉంటాయి. వాటి బోల్టులకు చాలాచోట్ల ఎర్ర రంగు పూసేది అందుకే. ఈ రెండూ వదిలేస్తే, మిగతా పనుల్లో చాలావాటికి నిచ్చెన, స్క్రూడ్రైవర్, పాత బనియన్ గుడ్డ చాలు.

అపోహ: పైకి వెళ్తోంది గానీ కిందికి రావట్లేదంటే మోటర్ కాలిపోయింది.

వాస్తవం: కాలిపోతే పైకి కూడా వెళ్లదు. కిందికి దిగబోయి వెనక్కి లేచిపోవడం, పైన లైటు టపటపా కొట్టుకోవడం సెన్సర్ల భాష. 1993 జనవరి 1 తర్వాత అమెరికాలో అమ్మకానికి తయారైన ఇంటి ఓపెనర్లన్నిటికీ ఈ రక్షణ తప్పనిసరి. తలుపుకు రెండు పక్కలా, నేల నుంచి ఆరంగుళాలు మించని ఎత్తులో రెండు కళ్లుంటాయి. ఒకటి కంటికి కనిపించని కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. ఆ గీతను ఏది అడ్డుకున్నా తలుపు మూసుకోదు.

మొదట అక్కడ ఏం పెట్టారో చూడండి. చీపురు, బియ్యం బస్తా, పిల్లల సైకిల్ చక్రం. తర్వాత అద్దాలను పొడిగుడ్డతో తుడవండి, సాలీడు ఒక్క రాత్రిలో గూడు కట్టేస్తుంది. ఆ తర్వాత దీపాలు చూడండి. లిఫ్ట్‌మాస్టర్, ఛాంబర్లేన్ బ్రాండ్ల ఓపెనర్లలో పంపే కంటికి పసుపుపచ్చ దీపం, అందుకునే కంటికి ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఆకుపచ్చది మిణుకుమంటున్నా, ఆరిపోయినా గురి తప్పినట్టే. వెనకున్న రెక్కల నట్టు వదులు చేసి, దీపం నిలకడగా వెలిగేదాకా వెంట్రుకవాసి జరిపి, మళ్లీ బిగించండి. పంపే కంటి దీపమే ఆరిపోతే తీగ తెగిందేమో వెతకండి. గోడకు కొట్టిన స్టేపుల్ పిన్ తీగలోకి దిగి ఉండటం మామూలే.

పడమటి ముఖం ఇళ్లలో ఇంకో చిక్కుంది. పగలంతా బాగానే మూసుకునే తలుపు సాయంత్రం అయిదు దాటాక మొండికేస్తుంది. వాలే ఎండ తిన్నగా అందుకునే కంట్లో పడుతోందన్నమాట. రెండు కళ్లనూ అటూ ఇటూ మార్చి, అందుకునేది నీడ ఉన్న పక్కకు వచ్చేలా బిగిస్తే తీరిపోతుంది.

అప్పటికప్పుడు తలుపు మూయాలంటే గోడ మీది బటన్‌ను తలుపు నేలకు ఆనేదాకా వదలకుండా నొక్కి పట్టండి. చాలా మోడళ్లలో ఇది సెన్సర్లను దాటవేస్తుంది. అలా చేసేటప్పుడు కళ్లు తలుపు మీదే ఉండాలి. కొందరు విసుగెత్తి రెండు సెన్సర్లనూ ఎదురెదురుగా టేపుతో కట్టి సీలింగ్ దగ్గర వేలాడదీస్తారు. పాకే పిల్లలున్న ఇంట్లో ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. అలా కట్టి ఉంటే ఈ రోజే విప్పి కిందికి దించండి.

అపోహ: నేలకు తాకి మళ్లీ పైకి లేస్తోందంటే మోటర్ బలం పెంచాలి.

వాస్తవం: తలుపు ఎంత దూరం దిగాలో చెప్పే లిమిట్, ఎంత గట్టిగా నొక్కాలో చెప్పే ఫోర్స్, రెండూ వేరువేరు. తలుపు నేలను తాకినా ఓపెనర్ ఇంకా దిగాలనుకుంటే, ఏదో అడ్డం వచ్చిందని వెనక్కి లేస్తుంది. దిగే లిమిట్‌ను కాస్త తగ్గించాలి. పాత మోటర్లకు పక్కనో వెనకో దీనికి స్క్రూ ఉంటుంది, కొత్తవాటికి బటన్లతో నేర్పించాలి. ఫోర్స్ పెంచితే తలుపు మూసుకుంటుంది, నిజమే. కింద ఎవరైనా ఉన్నా ఆగదు. ఏ సర్దుబాటు చేసినా, ఏమీ చేయకపోయినా నెలకోసారి, తలుపు దారిలో టూ-బై-ఫోర్ చెక్కను (ఇళ్లు కట్టేందుకు వాడే మామూలు కలప ముక్క) బల్లపరుపుగా నేల మీద పెట్టి మూయండి. చెక్కకు తగలగానే తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే సరిచేసేదాకా ఓపెనర్ వాడొద్దు.

అపోహ: రిమోట్ పనిచేయట్లేదంటే బ్యాటరీ అయిపోయింది.

వాస్తవం: గోడ బటన్ పనిచేస్తూ, ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఒకేసారి ఆగిపోయాయా? గోడ మీది ప్యానెల్‌లో లాక్ బటన్ చూడండి. ఊరెళ్లేటప్పుడు బయటి రిమోట్లను ఆపేందుకు పెట్టిన బటన్ అది. పిల్లలు నొక్కేస్తారు, కొన్ని మోడళ్లలో ఆ ప్యానెల్ దీపం మిణుకుమంటూ ఉంటుంది. కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే విడిపోతుంది.

గరాజ్ ముందుకొచ్చి ఆగితే తప్ప రిమోట్ పట్టించుకోవట్లేదంటే, ఓపెనర్‌లో ఈ మధ్య పెట్టిన ఎల్‌ఈడీ బల్బులు తీసి చూడండి. ఈ రిమోట్లు ఎక్కువగా 300 నుంచి 390 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతాయి, చవక ఎల్‌ఈడీల లోపలి సర్క్యూట్ అదే వీధిలో రొద చేస్తుంది. ఓపెనర్ల కోసమనే అమ్మే ఎల్‌ఈడీలతో ఆ గొడవ రాదు. మోటర్ నుంచి వేలాడే సన్నటి యాంటెన్నా తీగను ఎవరూ చుట్టచుట్టి పైన దోపకుండా చూడండి.

పాత ఇల్లు కొన్నవాళ్లు మాత్రం తాళాలు మార్చిన రోజే రిమోట్లను గుర్తుపెట్టించే, మోటర్ మీది లర్న్ బటన్‌ను పక్కనున్న దీపం ఆరేదాకా, ఆరు సెకన్లకు పైగా నొక్కి పట్టండి. చాలా రకాల్లో పాత రిమోట్ల జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. తర్వాత మీవాటిని మళ్లీ నేర్పించుకోండి.

అపోహ: చప్పుడొస్తే ట్రాక్‌లో డబ్ల్యూడీ-40 కొట్టాలి.

వాస్తవం: మామూలు నీలం డబ్బాది తుప్పు వదిలించడానికి పనికొస్తుంది, ఎక్కువకాలం నిలిచే గ్రీజు కాదు. హింజ్‌లకు, రోలర్ల బేరింగులకు, స్ప్రింగ్ చుట్లకు ఏడాదికి రెండుసార్లు వైట్ లిథియం గ్రీజో గరాజ్ డోర్ స్ప్రేనో చాలు. ట్రాక్‌ను తుడవాలి, నూనె పూయకూడదు. పూస్తే దుమ్ము పేరుకుని ముద్దవుతుంది.

అపోహ: మోటర్ తిరుగుతూ ట్రాలీని లాగే చైన్ కదలకపోతే కొత్త ఓపెనర్ కొనాల్సిందే.

వాస్తవం: కవర్ విప్పేముందు ప్లగ్ తీయండి. లోపల తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే గేర్ అరిగింది. గేర్ కిట్ విడిగా దొరుకుతుంది, ఓపిక ఉంటే ఒక మధ్యాహ్నం పని. మోటర్ తిరగకుండా మూలిగితే, దాన్ని తిప్పడం మొదలుపెట్టేందుకు కరెంటు దాచుకునే కెపాసిటర్ అయ్యుండొచ్చు. అది ప్లగ్ తీశాక కూడా షాక్ కొడుతుంది, తెలిసినవాళ్లకే వదలండి. అసలు చలనమే లేకపోతే గరాజ్ గోడ మీది జీఎఫ్‌సీఐ సాకెట్‌లో (కరెంటు లీకైతే తనంతట తానే ఆగిపోయే సాకెట్) రీసెట్ నొక్కి చూశాకే మెకానిక్‌ను పిలవండి.

అపోహ: కరెంటు పోతే లోపల చిక్కుకున్నట్టే.

వాస్తవం: కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి అమ్మే ఇంటి ఓపెనర్లకు బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. మిగతాచోట్ల అది లేకపోయినా ఎర్ర తాడు ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒకసారి లాగి చూపించండి. చేత్తో మూసిన తలుపును బయటినుంచి కూడా ఎత్తొచ్చు కాబట్టి లోపలి గడియ వేసుకోవాలి. కరెంటు వచ్చాక ఆ గడియ తీసి, తర్వాతే బటన్ నొక్కాలి. మరిచిపోతే మోటర్ లాగుతుంది, గడియ వదలదు, తలుపు పై పలక మధ్యలో వంగిపోతుంది.