రంగు తగిలించిన మెదడు ప్రోటీన్: పిల్లలకు ఉత్తరం

బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

నిమ్హాన్స్‌లో మెదళ్ల మ్యూజియం చూసొచ్చి మంచి ప్రశ్న వేశారు: పార్కిన్సన్స్ జబ్బులో మెదడు కణాల్లో పేరుకునే ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రోటీన్‌ను ల్యాబుల్లో ఎలా వెంబడిస్తారని. వెలిగే రంగు తగిలించి.

ఈ ప్రోటీన్ కోసం మెదడు అక్కర్లేదు. దాన్ని తయారుచేసే మనిషి జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే అదే తయారుచేసి పెడుతుంది. బ్యాక్టీరియాను పగలగొట్టి ఆ ద్రవాన్ని మరిగిస్తే మిగతా ప్రోటీన్లు చాలావరకు కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయి. సిన్యూక్లీన్‌కు చెదిరిపోవడానికి స్థిరమైన మడతలే లేవు, అందుకే కరిగే ఉంటుంది. ఆపైన కాలమ్ అనే వడపోత గొట్టం‌లో శుద్ధి.

ఇందులో 140 అమైనో ఆమ్లాలుంటే సిస్టీన్ అనే రకం ఒక్కటీ లేదు. అదే మనకు కలిసొచ్చింది. జన్యువును మార్చి 140వ చోట ఒక్క సిస్టీన్ పెడితే, సిస్టీన్‌కు అంటుకునే మెలిమైడ్ రకం రంగు అక్కడే పట్టుకుంటుంది. లైసీన్లనే మరో రకం అమైనో ఆమ్లాలకు అంటుకునే రంగులూ ఉన్నాయి గానీ, లైసీన్లు 15. ఎక్కడ అంటుకుందో తెలియదు, ఈ ప్రోటీన్ అణువులు పోగులుగా అల్లుకునే చోటే అడ్డుపడవచ్చు. నా ఓటు సిస్టీన్‌కే.

సిస్టీన్లు ఒకదానితో ఒకటి జతకట్టకుండా డీటీటీ అనే రసాయనం వేస్తారు. రంగు కలిపే ముందు దాన్ని పూర్తిగా తీసెయ్యాలి, లేకపోతే రంగును అదే మింగేస్తుంది. పీహెచ్ 7 నుంచి 7.5 మధ్య ఉండాలి, పెరిగితే రంగు లైసీన్లకూ పాకుతుంది. ప్రోటీన్‌కు మూడు నుంచి ఐదు రెట్ల రంగు వేసి చీకట్లో ఉంచి, మిగిలిన రంగును కాలమ్‌లో వేరుచేస్తారు.

అసలు తప్పు లెక్కలో జరుగుతుంది. ప్రోటీన్‌ను 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి కొలుస్తారు. సిన్యూక్లీన్‌లో ఆ కాంతిని బాగా పీల్చే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ లేదు, కొంత పీల్చే టైరోసీన్లు నాలుగే, కాబట్టి దాని శోషణ గుణకం (కాంతిని పీల్చే బలం) సుమారు 5,960. అలెక్సా 488 అనే వెలిగే రంగుది 495 దగ్గర 70,000 పైచిలుకు, అందులో 11 శాతం 280 దగ్గర కూడా పడుతుంది. అంటే దాదాపు 8,000, ప్రోటీన్‌ కంటే ఎక్కువ! ఆ వాటా తీసెయ్యకపోతే ప్రోటీన్ రెట్టింపుకు పైగా కనిపిస్తుంది, ప్రతి అణువుకూ రంగు అంటినా సగం కూడా అంటలేదనిపిస్తుంది. అప్పుడు అనవసరంగా ఇంకా రంగు పోస్తారు.

పోగులు కట్టించేటప్పుడు రంగున్నది 5 నుంచి 10 శాతమే కలిపి, మిగతాది మామూలుది వాడతారు. అంతా రంగుదే అయితే పోగుల తీరే మారిపోవచ్చు. చిన్నచిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే తనంతట తనే ముద్దకడుతుంది.

మీరెప్పుడైనా ల్యాబుకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. కట్టిన పోగులు బల్ల మీద ఒలికితే స్పిరిట్‌తో తుడిచి వదిలెయ్యకూడదు, అది వాటిని విడదీయలేదు. గ్లవ్స్ వేసుకుని, 1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ద్రావణంతో కడగాలి.

మీ పెదనాన్న