రగ్బీ కప్ మ్యాచ్‌లో తలకు దెబ్బ: అపోహలు - వాస్తవాలు

సీజన్ చివరికొచ్చి కప్ మ్యాచ్‌లు మొదలయ్యాయంటే చాలు, నాకు ఒకటే మాట పదేపదే వినిపిస్తుంది. "టీవీలో చేస్తారు కదా ఆ హెచ్ఐఏ, అది చేసేసి మళ్లీ లోపలికి పంపండి." హెచ్ఐఏ అంటే తలకి దెబ్బ తగిలినవాణ్ణి మ్యాచ్ మధ్యలో బయటికి తీసి చేసే పరీక్ష. ఈ మాట కోచ్ అంటాడు, ఆటగాడు అంటాడు, కంచె పట్టుకుని నిలబడ్డ వాళ్ల నాన్న అంటాడు. పిల్లల్ని రగ్బీలో చేర్పించిన మన తెలుగువాళ్లు కూడా ఈమధ్య ఇదే అడుగుతున్నారు. నేను ఇంగ్లండ్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ వైపు ఒక అమెచ్యూర్ క్లబ్‌కి ఫిజియోని. వారమంతా ఆసుపత్రి ఉద్యోగం, శనివారం గ్రౌండ్. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను.

అపోహ: హెచ్ఐఏ పాసైతే మళ్లీ ఆడొచ్చు.

వాస్తవం: మన స్థాయిలో హెచ్ఐఏ అనేదే లేదు. కౌంటీ కప్‌లో లేదు, ఆర్ఎఫ్‌యూ (ఇంగ్లండ్ రగ్బీ సంఘం) కమ్యూనిటీ కప్‌లో లేదు, సెమీఫైనల్ అయినా ఫైనల్ అయినా లేదు. అది పైస్థాయి ప్రొఫెషనల్ రగ్బీకి మాత్రమే, అదీ అనుమతి ఉన్న టోర్నీల్లోనే. అక్కడ శిక్షణ పొందిన డాక్టర్ ఉంటారు, దెబ్బ తగిలిన క్షణాన్ని రకరకాల కోణాల్లో చూపించే వీడియో ఉంటుంది, ఆ ఆటగాడు మామూలుగా ఉన్నప్పుడు అవే పరీక్షలు ఎలా చేశాడో సీజన్‌కి ముందే రాసిపెట్టి ఉంటుంది. 12 నిమిషాలు బయటికి తీసుకెళ్లి దానితో పోల్చి చూస్తారు. అంత చేసి లోపలికి పంపినా పని అయిపోయినట్టు కాదు, మ్యాచ్ అయ్యాక ఒకసారి, రెండు రాత్రులు నిద్రపోయాక ఇంకోసారి పరీక్షిస్తారు. ఇంకో సంగతి, దెబ్బ తగిలాక స్పృహ తప్పినా, తూలుతూ నడిచినా, ఒళ్లు బిగుసుకుపోయినా అక్కడ కూడా ఈ 12 నిమిషాల పరీక్ష ఉండదు, ఆ ఆటగాడికి ఆ రోజు ఆట ముగిసినట్టే. టీవీలో మనకి కనిపించేది మధ్యలో ఒక ముక్క మాత్రమే.

మా దగ్గర ఉండేది నేను, నా బ్యాగు, ఒక చల్లటి స్పాంజి. అందుకే మా రూల్ చాలా చిన్నది. అనుమానం వస్తే బయటికి, ఆ రోజుకి మళ్లీ లోపలికి లేదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి కొంతకాలం దాని పనితీరు చెడటం) అని తేలాల్సిన పని లేదు, అనుమానం చాలు. అయిదు నిమిషాల్లో తలనొప్పి తగ్గిపోయినా, "నేను బాగానే ఉన్నాను" అని ప్రమాణం చేసినా, నేను అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పినా రూల్ మారదు. ఆ ప్రశ్నలు మీకూ తెలిసే ఉంటాయి: ఇది ఏ గ్రౌండ్, ఇప్పుడు ఏ హాఫ్, చివరి స్కోర్ ఎవరు చేశారు, పోయిన వారం ఎవరితో ఆడాం, గెలిచామా. వీటిలో తప్పితే కంకషన్ ఉందన్న అనుమానం బలపడుతుంది, అంతే. అన్నీ కరెక్ట్‌గా చెప్పినంత మాత్రాన లేదని తేలిపోదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం గొడవలు ఉండవు. నేనేమీ క్లియరెన్స్ ఇవ్వడానికి పరిగెత్తుకుంటూ గ్రౌండ్‌లోకి రాను, ఆపాలా వద్దా చూడటానికి వస్తాను.

మామూలు లీగ్ మ్యాచ్‌లో ఇంత వాదన ఉండదు. ఈ వారం పోతే వచ్చే వారం ఉంటుంది. కప్‌లో ఓడిపోతే ఇంటికే. పైగా ఇక్కడి క్లబ్బులకి కప్ అంటే ఏమిటో బయటివాళ్లకి అంత తేలిగ్గా అర్థం కాదు. యార్క్‌షైర్ కప్ 1870ల నాటిది. జాతీయ స్థాయిలో నాకౌట్ పెడితే డబ్బు, మొరటుతనం వస్తాయని ఆర్ఎఫ్‌యూ ఏళ్ల తరబడి జంకి, చివరికి 1971-72లో మొదలుపెట్టింది. మొదటి ఫైనల్లో గ్లోస్టర్ 17-6తో మోస్లీని ఓడించింది. 1987లో లీగ్ వచ్చేదాకా దేశం మొత్తంలో క్లబ్బులకి ఉన్న ప్రధాన పోటీ ఆ కప్పే. 1975లో బెడ్‌ఫర్డ్ గెలిచింది, 1976, 1977లో గాస్‌ఫర్త్ గెలిచింది, ఆ ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ జట్ల గురించి మాట్లాడతారు. 1992లో రెండో డివిజన్‌లో ఉన్న వాటర్లూ, అంతకుముందు కప్పు గెలిచిన పెద్ద క్లబ్ బాత్‌ని 9-8తో ఇంటికి పంపింది. మరి 1996 ఫైనల్లో బాత్ 16-15తో గెలిచింది, చివర్లో అవతలివాళ్ల తప్పుకి రెఫరీ ఇచ్చిన పెనాల్టీ ట్రై మీద, ఆ ఆవేశంలో ఓడిన లెస్టర్ జట్టు ఆటగాడు నీల్ బ్యాక్ మ్యాచ్ అయిపోగానే రెఫరీని తోసేసి ఆరు నెలలు సస్పెండ్ అయ్యాడు. అంతటివాడే ఆపుకోలేకపోయాడు. కాబట్టి మా ఇరవై రెండేళ్ల కుర్రాడు సెమీఫైనల్లో తల తిరుగుతున్న సంగతి నాకు చెప్పకుండా దాచాడంటే నేను అతన్ని తప్పు పట్టను. కానీ వదలను.

ఒక సెమీఫైనల్ సంగతి చెప్తాను. మా స్క్రమ్ హాఫ్ (బంతి అందుకుని పాస్‌లు ఇచ్చే ఆటగాడు) ఆ ఏడాది తెలుగబ్బాయి, ఇక్కడ మాస్టర్స్ చదవడానికి వచ్చి మా క్లబ్‌లో చేరాడు. రెండో హాఫ్‌లో ట్యాకిల్ చేయబోయి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయబోయి, అవతలి జట్టు ఆటగాడి మోకాలికి తల కొట్టుకుంది. లేచాడు, పాస్ ఇచ్చాడు, మళ్లీ పరిగెత్తాడు. నేను వెళ్లి అడిగితే అన్నిటికీ టకటకా జవాబులు చెప్పాడు. తిరిగి వచ్చేస్తుంటే వెనకనుంచి, "అక్కా, మనం ఎటువైపు ఆడుతున్నాం?" అన్నాడు. చూపించాను. పది అడుగులు వేసి మళ్లీ అదే అడిగాడు. రెఫరీకి చెయ్యెత్తాను.

బయట బెంచీ మీద కూర్చోబెడితే ఏడ్చాడు. "అక్కా, ఇంకో పది నిమిషాలు ఆడనివ్వు, ప్లీజ్, ఇదొక్కసారే" అంటాడు. మావాళ్లు ఇద్దరు నా వెనక నిలబడి అతనికి వినపడేలాగే, ఇంకెవరు ఉన్నారు ఆ పొజిషన్‌కి అంటున్నారు. నేను అతని పక్కనే కూర్చున్నాను, లేవనివ్వలేదు. కాసేపటికి కోటు మీద వాంతి చేసుకున్నాడు. అంతకుముందు అన్ని ప్రశ్నలకీ సరిగ్గా జవాబు చెప్పిన కుర్రాడు. లక్షణాలు కొన్నిసార్లు నిమిషాల్లో, కొన్నిసార్లు గంటల్లో, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడవు. అందుకే ఆ క్షణంలో బాగున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు.

అసలు భయం రెండో దెబ్బది. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, మెదడు వాచి ప్రాణం పోవచ్చు. అరుదే, కానీ జరిగింది. 2011లో నార్తర్న్ ఐర్లాండ్‌లో ఒక స్కూల్ మ్యాచ్‌లో 14 ఏళ్ల పిల్లవాడు దెబ్బలు తగిలాక కూడా ఆట కొనసాగించి అలాగే చనిపోయాడు. ప్రాణం మీదికి రాకపోయినా, తేరుకోకుండా ఆడితే రెండు వారాల్లో తగ్గాల్సిన తలనొప్పి నెలల తరబడి లాగుతుంది, చదువు పోతుంది, ఉద్యోగం చెడుతుంది. నాకు ఆసుపత్రిలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇక 2003 ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు ఆటగాడు స్టీవ్ థాంప్సన్ సంగతి మీరు వినే ఉంటారు. తనకు చిన్న వయసులోనే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చిందని, ఆ కప్పు గెలిచిన సంగతే గుర్తులేదని 2020లో ఆయనే చెప్పారు.

అపోహ: స్పృహ తప్పలేదు కాబట్టి కంకషన్ కాదు.

కంకషన్లలో స్పృహ తప్పేవి పదిశాతం కూడా ఉండవు. తలకే తగలాలని కూడా లేదు, ఛాతీకో భుజానికో గట్టిగా తగిలి తల ఒక్కసారి విదిలించినట్టయినా చాలు. శూన్యంలోకి చూడటం, లేవడానికి ఆలస్యం చేయడం, జట్టు వేసుకున్న మూవ్ మర్చిపోవడం, ఊరికే కోపం, ఊరికే ఏడుపు, వెలుతురు భరించలేకపోవడం, ఇవి చూడండి. పక్కన ఆడేవాళ్లకి ఇవి నాకంటే ముందు కనిపిస్తాయి. మీ స్నేహితుడి మీద నాకు చెప్తే అది చాడీ కాదు.

అపోహ: ఫైనల్‌కి మినహాయింపు ఉంటుంది, స్పెషలిస్టు లెటర్ తెస్తే చాలు.

ఉండదు. బ్రిటన్ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో గ్రాస్‌రూట్స్ (మనలాంటి అమెచ్యూర్ స్థాయి) ఆటలన్నిటికీ కలిపి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి. దెబ్బ తగిలిన రోజు సున్నా. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్, లాప్‌టాప్ వీలైనంత తక్కువ. తర్వాత నడక, తేలికపాటి పరుగు, అలా మెట్టు మెట్టుగా. కూర్చున్నా పడుకున్నా ఏ లక్షణమూ లేకుండా 14 రోజులు గడిచాకే తలకి దెబ్బ తగిలే అవకాశం ఉన్న ట్రైనింగ్. ఆ 21 అనేది తొందరగా అంటే అప్పుడు అని, ఆ రోజుకి తప్పకుండా అయిపోతుందని కాదు. సెమీస్‌లో తగిలి ఫైనల్ రెండు వారాల్లో ఉంటే ఆ ఫైనల్ మీకు లేదు. ప్రొఫెషనల్స్ కొందరు 12 రోజులకే వస్తున్నారు కదా అంటారు. వాళ్ల వెనక రోజూ చూసే డాక్టర్లు ఉన్నారు, మీ వెనక వారానికి ఒకసారి కనిపించే నేను ఉన్నాను. లెటర్ తెస్తాం అని బయల్దేరే పెద్దలు ఆ శ్రమ మానుకోండి. నేనైతే ఒప్పుకోను, మా కోచ్ ఒప్పుకోడు.

అపోహ: స్కాన్ తీయించి నార్మల్ వస్తే సరిపోతుంది.

ఇది మనవాళ్ల దగ్గరే ఎక్కువ వింటాను. ఆ స్క్రమ్ హాఫ్ వాళ్లమ్మ గుంటూరు నుంచి ఆ రాత్రే ఫోన్ చేశారు. అక్కడ తెల్లవారుజాము. "అమ్మా, డబ్బు ఎంతయినా పర్లేదు, స్కాన్ తీయించండి, ఏమీ లేదంటే నాకు నిద్రపడుతుంది" అన్నారు. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది, కొడుకు ఏడు సముద్రాల అవతల ఉన్నాడు. కానీ నిజం చెప్పాలి. సీటీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావం, పుర్రె విరగడం లాంటివి తెలుస్తాయి, కంకషన్ మామూలు స్కాన్‌లో కనపడదు. స్కాన్ శుభ్రంగా ఉండి కంకషన్ ఉన్నవాళ్లు ఎక్కువమంది. ప్రమాద లక్షణాలు ఉంటే ఆసుపత్రిలో డాక్టర్లే స్కాన్ తీస్తారు. ఆరోజు ఆసుపత్రిలో అతన్ని చూసి, స్కాన్ అక్కర్లేదని పంపేశారు. రాత్రి పక్కన ఎవరు పడుకుంటారో, పొద్దున ఏం చూడాలో ఆవిడకి ఒక్కొక్కటీ చెప్పాక కాస్త కుదుటపడ్డారు. మర్నాడు మళ్లీ చేసి తలకి నూనె పెట్టొచ్చా అని అడిగారు. పెట్టండి, గట్టిగా మర్దన మాత్రం వద్దన్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. స్క్రమ్ క్యాప్ (తలకి పెట్టుకునే మెత్తటి టోపీ) కంకషన్ ఆపదు, చెవులనీ చర్మాన్నీ కాపాడుతుంది, దాన్ని పెట్టుకున్నానని ధైర్యంగా తల ముందుకు పెడితే ఇంకా ప్రమాదం. కంకషన్ అయినవాణ్ణి రాత్రంతా మేల్కొలిపి ఉంచక్కర్లేదు, నిద్ర మంచిదే, పక్కన ఒక మనిషి ఉండాలి. ట్యాకిల్ ఎత్తు తగ్గించడం ఆటని పాడుచేయడానికి కాదు, 2023 జులై నుంచి ఇంగ్లండ్ కమ్యూనిటీ రగ్బీలో రొమ్ము ఎముక కింది అంచుకి పైన పట్టుకోకూడదు, మీ పిల్లలకి అలాగే నేర్పించండి. కప్ మ్యాచ్ టై అయితే రీప్లే ఉంటుందని కొందరనుకుంటారు, ఏ కప్పు రూల్ ఆ కప్పుదే, ముందే చదువుకోండి. 1982లో గ్లోస్టర్, మోస్లీ ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత కూడా 12-12 దగ్గరే ఆగి కప్పు పంచుకున్నాయి. మన ఊరి క్లబ్ గెలుస్తూ పోతే లండన్‌లోని పెద్ద స్టేడియం ట్వికెన్‌హామ్‌లో బాత్‌తో ఆడొచ్చన్నది కూడా పాతమాట, 2005లోనే పెద్ద క్లబ్బుల కప్పు వేరైపోయింది.

ఇక అనుమానం వచ్చిన రోజు చేయాల్సింది. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలొద్దు, డ్రైవింగ్ వద్దు, మ్యాచ్ తర్వాత క్లబ్‌లో బీరు అసలే వద్దు. ఆ 24 గంటల లోపల 111కి (ఇక్కడి వైద్య సలహా నంబరు) ఫోన్ చేయండి లేదా డాక్టర్‌కి చూపించండి. తలనొప్పి పెరుగుతూ పోతున్నా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, లేపితే లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా, చూపు రెండుగా కనిపిస్తున్నా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారుతున్నా, మెడ ఎముక నొప్పిగా ఉందన్నా నాకు మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడొద్దు, 999కి (అంబులెన్స్ నంబరు) చేయండి. మెడ నొప్పి అన్నవాణ్ణి అంబులెన్స్ వచ్చేదాకా కదపొద్దు, బూట్లు కూడా విప్పొద్దు.