కోడెను పెంచింది ఎవరు?

టెక్సాస్‌లో కోడెను ప్రదర్శన పోటీకి పెట్టాలనుకునే పిల్లలు పోటీకి నెలల ముందే దాన్ని తోలుకొచ్చి అధికారులకు చూపించాలి. వాళ్లు చెవికి పోగు వేస్తారు. కొన్ని వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి కవర్లో దాస్తారు. గెలిచిన కోడె అదో కాదో రేపు డీఎన్ఏ చెబుతుంది. పదేళ్ల పిల్లల పోటీకి ఇంత పహరా ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రతి నిబంధన వెనకా ఏదో ఒకటి జరిగింది.

1902లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఏ.బి. గ్రాహం అనే బడి అధికారి పల్లె పిల్లలతో ఒక క్లబ్బు మొదలుపెట్టాడు. ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుల ఉద్యమానికి అదే మూలం. మొక్కజొన్న క్లబ్బులు, పందుల క్లబ్బులు, దూడల క్లబ్బులు వరసగా వచ్చాయి. పశువును పిల్లలే సాకాలి, మేత ఖర్చు తామే రాసుకోవాలి. అర్హత అంటే అప్పట్లో ముఖ్యంగా అదే.

ఎవరిని రానివ్వాలన్న దగ్గర మాత్రం చాలా అన్యాయం జరిగింది. 1928లో పుట్టిన ఎఫ్ఎఫ్ఏ (ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా) అనే వ్యవసాయ విద్యార్థుల సంఘం 1930లో సభ్యత్వాన్ని మగపిల్లలకే పరిమితం చేసింది. దక్షిణాది నల్లజాతి పిల్లలకు వేరే సంఘం ఉండేది. అది 1965లో ఇందులో కలిసింది. ఆడపిల్లలకు 1969 దాకా తలుపు తెరుచుకోలేదు. పేడ ఎత్తి, కుడితి పెట్టిన అమ్మాయి పశువును పట్టుకుని బరిలోకి రాకూడదనడం ఎంత బాధాకరం!

తర్వాత గెలిచిన పశువుల వేలంపాటల్లో డబ్బు పెరిగింది, దాంతోపాటే పెద్దల దురాశ కూడా. 1994లో ఒహాయో స్టేట్ ఫెయిర్ అనే రాష్ట్ర ప్రదర్శన‌లో గెలిచిన కొన్ని పశువుల్లో క్లెన్‌బ్యుటెరాల్ దొరికింది. అది కండ పెంచే మందు, మాంసం పశువులకు నిషిద్ధం. ఒళ్లు నునుపుగా కనబడాలని చర్మం కింద నూనె ఎక్కించిన ఉదంతమూ బయటపడింది. ఆ జీవి పడ్డ నరకం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మూత్ర పరీక్షలు, మందుల వాడకంపై రాతపూర్వక హామీలు, పిల్లలకు తప్పనిసరి శిక్షణ ఆ తర్వాతే గట్టిపడ్డాయి.

వయసు దగ్గర కొలత మనకు తెలిసిందే. మన బండలాగుడు పోటీల్లో ఎడ్లను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విడదీస్తారు కదా. అక్కడ మాంసం విభాగంలో గొర్రెపిల్ల నోరు తెరిచి చూస్తారు. పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వస్తే చాలాచోట్ల పోటీకి పనికిరాదు.

ఇక రోగాల టెన్షన్. 2012లో పందుల నుంచి వచ్చిన ఫ్లూ మూడు వందల మందికి పైగా సోకింది. వాళ్లలో ఎక్కువమంది ఫెయిర్లలో పందుల దగ్గర తిరిగిన పిల్లలే. దాంతో కొన్నిచోట్ల పందుల్ని పాకల్లో ఉంచే రోజులు తగ్గించారు. 2024లో బర్డ్ ఫ్లూ పాడి ఆవులకు పాకడంతో చాలాచోట్ల పాలిచ్చే ఆవుకు పరీక్ష చేయించనిదే ప్రదర్శనలోకి రానివ్వలేదు. అదే ఏడాది నవంబరు నుంచి, రాష్ట్రం దాటి ప్రదర్శనకు వెళ్లే ఆవుకైనా ఎద్దుకైనా ఎలక్ట్రానిక్ చెవిపోగు ఉండాల్సిందే, అది లేగదూడైనా సరే.